మడిచాక మోయగలమా? బెంగళూరు మెట్రోలో మడత సైకిల్‌తో ఎనిమిది నెలలు

మాది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. వీధి గేటు నుంచి మా గుమ్మం దాకా 54 మెట్లు. మడత సైకిల్ గురించి నేను చెప్పబోయేదంతా ఈ 54 చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

పుట్టింది హిందూపురం. పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నది బెంగళూరు. ఇల్లు రామమూర్తినగర్‌లో, ఆఫీసు వైట్‌ఫీల్డ్ వైపు, కంపెనీలుండే ఇ.పి.ఐ.పి. జోన్‌లో. వారానికి మూడు రోజులు తప్పనిసరిగా వెళ్లాలి. 2023 అక్టోబరులో బయ్యప్పనహళ్లికీ కె.ఆర్.పురానికీ మధ్య మిగిలిపోయిన మెట్రో ముక్క కలిశాక నా బతుకు సగం బాగుపడింది. బెన్నిగానహళ్లిలో ఎక్కితే నేను దిగే నల్లూరుహళ్లి ఏడో స్టేషన్. కింద టిన్ ఫ్యాక్టరీ దగ్గర, తీగల వంతెన దగ్గర బండ్లు చీమల బారులా నిలబడి ఉంటే, పైన మనం సీటు దొరక్కపోయినా చల్లగా వెళ్లిపోతాం.

మిగిలిన సగం మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంటి నుంచి స్టేషన్‌కు రెండున్నర కిలోమీటర్ల పైన, అటు దిగాక ఆఫీసుకు మరో రెండు. నడిస్తే రెండూ కలిపి దాదాపు గంట. ఆటో అంటే, మీటరు కనీస చార్జీ 2025 ఆగస్టు నుంచి 36 రూపాయలు. మీటరు వేసే ఆటో దొరికితే కదా అంటారా, ఆ మాట మీరన్నారు, నేననలేదు. నాకు నాలుగు ఆటోలకు కలిపి రోజుకు 180 దాకా అయ్యేది. డబ్బు సంగతి అలా ఉంచి, రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో ఆటో బొమ్మ గిరగిరా తిరగడం చూస్తూ ఉండటమే నన్ను ఎక్కువ విసిగించింది. 45 ఏళ్లు వచ్చాక సైకిల్ ఎక్కాలన్న బుద్ధి అక్కడే పుట్టింది.

మొదట కొనలేదు. మారతహళ్లిలో ఉండే మా తమ్ముడి దగ్గర ఒక మడత సైకిల్ ఉంది. లాక్‌డౌన్ రోజుల్లో ఉత్సాహంగా కొని, బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి వాడుతున్నాడు. "తీసుకుపో అక్కా, రెండు వారాలు తొక్కి చూడు, ఆ తర్వాత కొనాలో వద్దో నీకే తెలుస్తుంది" అన్నాడు. మంచి మాట. మీకూ అలాంటి తమ్ముడో స్నేహితురాలో ఉంటే ముందు ఆ పని చేయండి. దుకాణంలో నున్నటి గచ్చు మీద రెండు చుట్లు తిరిగితే తెలిసేది సీటు మెత్తగా ఉందో లేదో, అంతే.

తమ్ముడి సైకిల్‌కు 20 అంగుళాల చక్రాలు, ఏడు గేర్లు, అల్యూమినియం ఫ్రేము. మధ్యలో ఒక పెద్ద కీలు. పుస్తకం మూసినట్టు ముందు చక్రం వెళ్లి వెనక చక్రం పక్కన చేరుతుంది. హ్యాండిల్ కిందికి వాలుతుంది, సీటు గొట్టం దిగిపోతుంది, పెడళ్లు ముడుచుకుంటాయి. మన దగ్గర దొరికే మడత సైకిళ్లలో ఎక్కువ భాగం ఈ రకమే. 1982లో అమెరికాలో డేవిడ్ హాన్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన డాహాన్ కంపెనీ ఈ మడతకు ప్రపంచమంతటా పేరు తెచ్చింది. మా తమ్ముడిది డాహాన్ కాదు, వేరే కంపెనీది, పేరు అనవసరం.

తొక్కడానికి మాత్రం హాయి. నిజంగా. మొదటి రోజు కస్తూరినగర్ లోపలి వీధుల్లో చెట్ల కింద వెళ్తుంటే ఇంటర్మీడియట్ రోజులు గుర్తొచ్చాయి. చిన్న చక్రాలైతే ఎంత తొక్కినా ముందుకు పోదని అందరూ భయపెట్టారు. అది ఉత్త మాట. చక్రం చిన్నదైతే పెడల్ దగ్గరి పళ్ల చక్రాన్ని పెద్దది పెడతారు, లెక్క సరిపోతుంది. సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడైతే పెద్ద సైకిల్ కంటే ఇదే చురుకు. మడవడం నాలుగు రోజుల్లో చేతికి వచ్చేసింది, ఇరవై సెకన్లు.

ఇక ఇంటికొచ్చి మడిచి, 54 మెట్లు ఎక్కాలి.

బాత్రూమ్ తూకం మీద పెడితే పదమూడున్నర కేజీలు చూపించింది. ఖాళీ గ్యాస్ సిలిండర్ మీద రాసి ఉండే బరువు 15, 16 కేజీలు ఉంటుంది కదా, దానికంటే కాస్త తక్కువ. సిలిండర్‌ను నేను ఎన్నోసార్లు మోశాను, ఇదెంత అనుకున్నాను. కానీ సిలిండర్‌కు పైన పట్టుకోవడానికి రింగు ఉంటుంది, ఒళ్లు గుండ్రంగా ఉంటుంది, కాలికి ఆనించి ఎక్కించొచ్చు. దీనికి పట్టుకునే చోటే లేదు. సీటు పట్టుకుంటే తల బరువై ముందుకు తూగుతుంది, ఫ్రేము పట్టుకుంటే పెడల్ పిక్కకు గీసుకుంటుంది, గొలుసు వైపు ఒంటికి తగిలిందంటే లేత రంగు చుడీదార్ మీద ఆముదం దీపం మసి పూసినట్టు నల్లటి గీత. రెండు చక్రాలు విడిపోకుండా ఒక చిన్న అయస్కాంతం పట్టి ఉంచాలి. మూడో రోజు రెండో అంతస్తు మలుపులో అది వదిలేసింది. సైకిల్ కాస్తా బీరువా తలుపులా బార్లా తెరుచుకుని, కింది ఇంటి పెద్దమ్మ తులసి కుండీని తన్నింది. కుండీ నిలబడింది. పెద్దమ్మ మాత్రం రెండు రోజులు పలకరించలేదు.

అప్పుడు తెలిసింది. దుకాణంలో, వీడియోల్లో అందరూ ఎన్ని సెకన్లలో మడత పడుతుందో చెబుతారు. పది సెకన్లా, ఇరవయ్యా అని పోటీలు. మడవడం రోజుకు నాలుగైదు సార్లు, నిమిషన్నర పని. మడిచిన దాన్ని పట్టుకుని తిరగడమే అసలు పని. మెట్లు, స్కానర్ దగ్గర వరుస, ప్లాట్‌ఫాం, లిఫ్టు, ఆఫీసు రిసెప్షన్, డెస్కు దాకా కారిడార్. నా లెక్కలో రోజుకు పదిహేను నిమిషాల పైమాటే. కాబట్టి కొనబోయే ముందు దుకాణం వాళ్లను అడగాల్సింది "ఎంతసేపట్లో మడతపడుతుంది" అని కాదు. "మడిచాక ఇది తనంతట తాను దొర్లుతుందా, నేను మోయాలా?" అని.

ఇక మెట్రో సంగతి. బెంగళూరు మెట్రో 2022 నవంబరులో మడత సైకిళ్లను అనుమతించింది. షరతులు ఇవి: బరువు 15 కేజీలు దాటకూడదు, కొలత 60×45×25 సెంటీమీటర్లు దాటకూడదు, కవరు తొడగాలి, రైలు చివరి పెట్టెలోనే ఎక్కాలి. తమ్ముడి సైకిల్‌ను మొదటిసారి మెట్రో ఎక్కించే ముందు రోజు రాత్రి కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీసి కొలిచాను. అడ్డంగా 80, ఎత్తు 65, మందం 38. ఏ వైపు తిప్పినా దాటిపోతోంది.

ఇంకా కాస్త ఆలోచిస్తే అసలు విషయం బోధపడింది. 20 అంగుళాలు అని రాసి ఉండే చక్రం టైరుతో కలిపి అటు నుంచి ఇటు దాదాపు 50 సెంటీమీటర్లు ఉంటుంది. మెట్రో ఒప్పుకునే కొలతేమో 60కి 45. 50 సెంటీమీటర్ల గుండ్రటి పళ్లెం 45 సెంటీమీటర్ల అరలో ఎలా పడుతుంది? ఫ్రేమును ఎన్ని మడతలు పెట్టినా చక్రాన్ని మడవలేం కదా. అంటే రూలు అక్షరాలా చూస్తే 20 అంగుళాల మడత సైకిల్ ఏదీ ఆ కొలతలో పట్టే అవకాశమే లేదు. అయినా "మెట్రోకు అనువైనది" అని వాటిని అమ్ముతూనే ఉన్నారు. కొనే ముందు ఎవరైనా ఈ లెక్క వేశారో లేదో.

మరి 16 అంగుళాలది? దాని చక్రం టైరుతో కలిపి 42 దాకా వస్తుంది, 45లో పడుతుంది. ఈ రకానికి పెద్దన్న లండన్‌లో తయారయ్యే బ్రాంప్టన్. ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు 1970ల నడుమ తన ఫ్లాట్‌లో కూర్చుని గీసి, తయారు చేసిన బండి. కిటికీలోంచి కనిపించే బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి పేరే దానికి పెట్టాడు. అందులో మూడు మడతలు. వెనక చక్రం పల్టీ కొట్టి ఫ్రేము కిందికి వస్తుంది, ముందు చక్రం పక్కకు తిరిగి దాన్ని ఆనుకుంటుంది, హ్యాండిల్ వాలుతుంది. చివర సీటు గొట్టం కిందికి దించితే అదే గడియలా మొత్తాన్ని బిగించేస్తుంది. గొలుసు రెండు చక్రాల మధ్య ఉండిపోతుంది కాబట్టి బట్టలకు అంటదు. ఇదంతా చదివి నేను మురిసిపోయి, దాని మడత కొలతలు చూశాను. పొడవు 58.5, మందం 27, ఎత్తు 56 పైన. అంటే ప్రపంచంలో ఇంతకంటే బాగా మడతపడేది లేదని అందరూ ఒప్పుకునే సైకిల్ కూడా కాగితం మీద ఆ కొలతలో పట్టదు! మందంలో రెండు సెంటీమీటర్లు, ఎత్తులో పదకొండు ఎక్కువ.

కాబట్టి ఉన్న మాట చెప్పేస్తాను. నేను ఇప్పుడు తీసుకెళ్తున్న సైకిల్ కూడా ఆ కొలతకు కొంచెం ఎక్కువే. ఎనిమిది నెలల్లో గేటు దగ్గర ఎవరూ టేపు తీయలేదు. తీసి, వద్దంటే తప్పు నాదే అవుతుంది, ఆ రోజు సైకిల్‌ను స్టేషన్ కింద తాళం వేసి వెళ్తాను. మీరు కొనేముందు మీరు రోజూ ఎక్కే స్టేషన్‌కు వెళ్లి, కొలతలు రాసుకున్న కాగితం చూపించి అడగండి. హైదరాబాద్, చెన్నై, ఢిల్లీ, ఏ ఊరి మెట్రో అయినా సామాను కొలతలు ఆ ఊరివే. పక్క ఊరి అనుభవాన్ని నమ్ముకుని డబ్బు పెట్టొద్దు.

బ్రాంప్టన్ ధర లక్షకు పైమాటే. ఆఫీసుకు వెళ్లడానికి అంత పెట్టి కొంటే దాన్ని స్టాండు వేసి ఎక్కడైనా వదలడానికి కూడా గుండె ఒప్పదు. అదే పద్ధతిలో మూడు మడతలు పడే తూర్పు ఆసియా సైకిళ్లు కొన్ని వస్తున్నాయి. అలాంటిదొకటి ఉద్యోగం మారి విదేశం వెళ్తున్న ఒకాయన అమ్ముతుంటే 34,000కు తీసుకున్నాను. మూడు గేర్లు, పదకొండున్నర కేజీలు. పేరు అడక్కండి. నేను చెప్పేవి ఈ రకానికంతటికీ వర్తించేవే.

తమ్ముడి దానికీ దీనికీ బరువులో తేడా రెండు కేజీలు. మోయడంలో తేడా మాత్రం పది కేజీలంత. ముద్దగా, చతురస్రంగా కాళ్లు ముడుచుకుని పడుకున్న కుక్కపిల్లలా ఉంటుంది. సీటు ముక్కు కింద వేళ్లు పెట్టి పట్టుకుంటే తూగదు, తెరుచుకోదు. 54 మెట్లకు ఇప్పుడు ఒకసారి ఆగుతాను, మొదటి అంతస్తు దాటాక చెయ్యి మార్చుకోవడానికి. ఇక వెనక క్యారియర్‌కు నాలుగు చిన్న చక్రాలున్నాయి. హ్యాండిల్ ఒక్కటి వాల్చకుండా నిలబెట్టి, మిగతాదంతా మడిచి, ట్రాలీ సూట్‌కేసులా తోసుకుపోవచ్చు. ఆ నాలుగు చక్రాలే నాకు ఈ సైకిల్‌లో అన్నిటికంటే విలువైన భాగం. అమ్మినాయన వాటి గురించి ఒక్క ముక్క చెప్పలేదు, గేర్ల గురించే పావుగంట చెప్పాడు.

వీటి విలువ చివరి పెట్టె ఎక్కే రోజు తెలుస్తుంది. ఆరు పెట్టెల రైలు దాదాపు 130 మీటర్ల పొడవు. మెట్లు ప్లాట్‌ఫాంకు ఏ వైపు ఉంటే ఆ వైపు నుంచి చివరి దాకా నడవాలి. పొద్దున చివరి పెట్టె ఎటు ఉంటుందో సాయంత్రం దానికి ఎదురు వైపు. మొదటి వారం రెండుసార్లు ఆ చివర నుంచి ఈ చివరకు పరుగెత్తాను. ఇంకొకటి, ఆడవాళ్లు గమనించాల్సింది. మనకు కేటాయించిన పెట్టె మొదటిది. సైకిల్‌కు అనుమతి ఉన్నది చివరిది. అంటే సైకిల్ కావాలంటే ఆ సుఖం వదులుకోవాలి. రద్దీ వేళల్లో మగవాళ్ల మధ్య సైకిల్‌ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని నిలబడటం అందరికీ నచ్చదు. నేను ఎనిమిది లోపే బయల్దేరిపోతాను, అందుకే నెట్టుకొస్తున్నాను. తొమ్మిదిన్నరకు బయల్దేరే ఉద్యోగమైతే కొనేదాన్ని కాదు.

కవరు కథ ఒకటి. సైకిల్‌తో వచ్చిన సంచీలో పెడితే మొత్తం మోయాల్సిందే, దొర్లించడం కుదరదు. మా వీధి దర్జీ దగ్గరకు బండి మీద కప్పే నీలం గుడ్డ తీసుకెళ్లి, అడుగు లేకుండా కుట్టమన్నాను. పైనుంచి తొడిగి, కింద నాడా లాగితే జాడీకి వాసెన కట్టినట్టు బిగుసుకుంటుంది, చిన్న చక్రాలు బయట ఉంటాయి. హ్యాండిల్ బయటికి రావడానికి ఒక కన్నం. కూలీ 300. ఈ సైకిల్ మీద నేను పెట్టిన ఖర్చులన్నింటిలో గిట్టుబాటైంది ఇదే. సెక్యూరిటీ అమ్మాయి మొదటి రోజు "ఇదేను అక్కా?" అంది. "మడచో సైకల్" అన్నాను నా కన్నడంలో. మడచడం అన్న మాట రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి బతికిపోయాను. కవరు కొంచెం ఎత్తి చూసి, నవ్వి పంపించింది. ఇంకో రోజు రైల్లో ఒక పెద్దాయన చాలాసేపు చూసి, తెలుగులోనే "హార్మోనియమా అమ్మా?" అని అడిగాడు. బెంగళూరులో మనవాళ్లు లేని పెట్టె ఉండదు.

ఇప్పుడు తొక్కడం గురించి. ఇక్కడ మార్కులు తగ్గించాల్సిందే. 20 అంగుళాల చక్రం దాటిపోయే గుంతలో 16 అంగుళాల చక్రం దిగుతుంది. మన రోడ్ల మీద ఇది రోజుకు ఒకసారి జరిగేది కాదు, నిమిషానికి ఒకసారి. తవ్వి పూడ్చిన చోట, మ్యాన్‌హోల్ మూతల అంచుల దగ్గర, పేరులేని స్పీడ్ బ్రేకర్ల మీద సీటు మీంచి కొంచెం లేచి నిలబడి పోనివ్వాలి, లేకపోతే దెబ్బ నేరుగా నడుముకు. హ్యాండిల్ ఎంత చురుకంటే మొదటి వారం చెయ్యి చాపి పక్కకు తిరుగుతున్నానని చూపించలేకపోయాను, ఒంటి చేత్తో పడితే పాములా మెలికలు తిరిగేది. ఇప్పుడు అలవాటైంది. వాన రోజుల్లో మాత్రం తొక్కను. నీళ్ల కింద గుంత ఎంత లోతో తెలియదు, ఈ చక్రంతో ఆ జూదం వద్దు. మడిచి ఆటోలో వేసుకుంటాను. పెద్ద సైకిల్‌తో ఆ పని చేయలేం కదా.

దుస్తుల సంగతి కూడా అడుగుతారు. చున్నీ వద్దు, లేదా నడుముకు బిగించాలి. గొలుసుకు మూత లేదు కాబట్టి కుడి కాలి పాంటు అంచుకు బట్టల క్లిప్పు పెట్టుకుంటాను. ఆఫీసులో ఒకసారి తీయడం మర్చిపోయి మీటింగ్‌కు వెళ్లాను.

టైర్ల గురించి ఒక హెచ్చరిక. సైకిల్ మీద 16 అంగుళాలు అని ఉంటే సరిపోదు, టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, రిమ్ము అడ్డుకొలత మిల్లీమీటర్లలో. పిల్లల సైకిళ్లకు వచ్చేది 305. నాలాంటి మూడు మడతల వాటికి ఎక్కువగా వచ్చేది 349. పేరు ఒకటే, చక్రం వేరు, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. 349 టైరు మా చుట్టుపక్కల ఏ సైకిల్ షాపులోనూ దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించి ఒకటి ఇంట్లో పెట్టుకున్నాను. 20 అంగుళాల్లోనూ 406, 451 అని రెండున్నాయి కానీ, ఎక్కువ మడత సైకిళ్లకు ఉండేది 406, పిల్లల సైకిళ్లలోనూ అదే మామూలు కాబట్టి ట్యూబుకు దిగులు లేదు. ఈ ఒక్క విషయంలో తమ్ముడి సైకిలే గెలిచింది. పంక్చర్ ఒకసారే పడింది, నల్లూరుహళ్లి దగ్గర. వెనక చక్రం విప్పడం పెద్ద తతంగం. షాపాయన చక్రం ముట్టుకోకుండానే ట్యూబును పక్క నుంచి లాగి అతుకు వేసి, 60 రూపాయలు తీసుకుని, పది నిమిషాలు సైకిల్‌ను మడిచి, విప్పి, ఆడుకున్నాడు.

డబ్బు లెక్క చూద్దాం. నెలకు పన్నెండు, పదమూడు రోజులు ఆఫీసు. రోజుకు 180 చొప్పున నెలకు 2,200 పైన మిగులుతుంది. టైరు, కవరు, లైట్లు, హెల్మెట్ కలుపుకుంటే పెట్టింది దాదాపు 39,000. అంటే దాదాపు ఏడాదిన్నర గడిస్తే గానీ తిరిగి రాదు, వాన రోజుల ఆటోలు లెక్కేస్తే రెండేళ్లు. మధ్యలో ఆఫీసు మారినా, ఇల్లు మారినా లెక్క తలకిందులు. ఆదా కోసమైతే కొనొద్దు. ఇంటి నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఇప్పుడు 50 నిమిషాలు, రోజూ అంతే, అటూ ఇటూ ఐదు నిమిషాలు. ఆటోతో అది 50 నుంచి 85 దాకా ఎంతైనా కావచ్చు. నేను కొనుక్కున్నది ఆ నిశ్చింతనే.

హిందూపురానికి కూడా రెండుసార్లు తీసుకెళ్లాను. మెజెస్టిక్ దాకా మెట్రో, అక్కడి నుంచి రైలు. రైల్వే వాళ్ల సామాను కొలత కొంచెం ఉదారం, పెట్టె 100×60×25 దాకా ఉండొచ్చు. నా సైకిల్ పొడవు, ఎత్తు అందులో పడతాయి, మందం రెండు సెంటీమీటర్లు ఎక్కువ. తలుపు పక్కన గోడకు ఆనించి, నాడాతో కట్టేశాను. స్టేషన్‌లో దిగి ఇంటికి తొక్కుకుంటూ వెళ్తే మా అమ్మ గుమ్మంలో నిలబడి "ఈ వయసులో ఇదేం సోకు" అంది. రెండోసారి అత్యాశకు పోయి లేపాక్షికి బయల్దేరాను, పదిహేను కిలోమీటర్లు. నంది కనిపించేసరికి మణికట్లు రెండూ మండిపోతున్నాయి. తిరుగు ప్రయాణం సైకిల్‌ను ఆటో వెనక సీటులో పెట్టుకుని వచ్చాను. ఐదు కిలోమీటర్ల దాకా ఇది సైకిల్, ఆ పైన ఇది సామాను.

కొందరు అసలు కొనకూడదు. స్టేషన్‌కు ఒక్క వైపే దూరం ఉండి, రెండో వైపు ఆఫీసు నడక దూరంలో ఉంటే మడత సైకిల్ దండగ. ఆరేడు వేలకు పాత మామూలు సైకిల్ కొని, గట్టి గొలుసుతో స్టేషన్ దగ్గర కట్టేయండి. నేను రెండు వైపులా రెండు పాత సైకిళ్లు పెడదామని కూడా ఆలోచించాను. ఆఫీసు వైపుది ప్రతి రాత్రీ, వానలో, ఎవరి కాపలా లేకుండా ఉండాలి, అందుకే మానుకున్నాను. ఆఫీసులో మడిచిన సైకిల్‌ను డెస్కు కింద పెట్టుకోనిస్తారో లేదో కూడా ముందే అడగండి. మా దగ్గర మొదట బేస్‌మెంట్‌లో పెట్టమన్నారు, కవరు చూశాక ఊరుకున్నారు.

నాలాగా పాతది కొనేటట్లయితే కీళ్ల దగ్గర రంగు పగిలిందేమో వెలుతురులో చూడండి. రంగు కింద సన్నటి గీత కనిపిస్తే బేరం ఆడకుండా వచ్చేయండి, అది ఫ్రేము పగులు కావచ్చు. హ్యాండిల్‌ను ముందు బ్రేకు పట్టి ముందుకూ వెనక్కూ ఊపండి, టకటకమని చప్పుడొస్తే కీలు అరిగి ఉండొచ్చు. బిగించే లివర్లు చేత్తో గట్టిగా పడాలి, పాన అవసరమైతే అనుమానించాలి. ఆ తర్వాత అమ్మేవాళ్లను అడిగి, మడిచి, వాళ్ల ఇంటి మెట్లు ఒక అంతస్తు ఎక్కి దిగండి. నేను ఆ పని చేస్తుంటే అమ్మినాయన వింతగా చూశాడు.

తమ్ముడి 20 అంగుళాల సైకిల్ ఇప్పుడు హిందూపురంలో ఉంది. నాన్న దాని మీద రోజూ మార్కెట్‌కు వెళ్తున్నాడు, ముందు బుట్ట కట్టించుకున్నాడు. బుట్ట కట్టాక అది ఇక మడతపడదు. నా దాని చిన్న చక్రాల్లో రెండు అరిగిపోయాయి, స్కేటింగ్ చక్రాలు సరిపోతాయంటున్నారు. ఈ ఆదివారం పాతది విప్పి, విడిభాగాలు అమ్మే ఎస్.పి. రోడ్డుకు పట్టుకెళ్లి చూడాలి.